సైన్ విలువలు: పట్టిక బట్టీ పట్టకుండా యూనిట్ సర్కిల్‌తో ఎలా రాబట్టాలి

పదో తరగతి పిల్లలు, ఇంటర్‌లో కొత్తగా చేరినవాళ్లు, ఇంట్లో కూర్చోబెట్టి చెప్పాలనుకుంటున్న అమ్మానాన్నలు అందరూ తిప్పి తిప్పి ఇవే అడుగుతున్నారు. సైన్ 30 సగం అయినప్పుడు సైన్ 60 ఒకటి ఎందుకు కాదు? ఎదుటి భుజం బై కర్ణం అని నేర్పారు కదా, మరి లంబకోణ త్రిభుజంలో 120 డిగ్రీల కోణమే పట్టదు, సైన్ 120 ఎక్కడి నుంచి వచ్చింది? మైనస్ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు?

మూడింటికీ జవాబు ఒక్క బొమ్మలోనే ఉంది. ఆ బొమ్మని మీ చేత్తో మీరు ఒకసారి గీసి, స్కేలు పెట్టి కొలిస్తే చాలు, పరీక్ష హాల్లో పట్టిక మర్చిపోయినా టెన్షన్ ఉండదు. చూసి వదిలేస్తే మాత్రం ఉపయోగం లేదు, కాబట్టి పెన్సిల్ తీసుకుని కూర్చున్నాకే కిందిది చదవండి.

సిద్ధాంతం అంటూ తెలియాల్సింది ఇంతే: వ్యాసార్ధం 1 ఉన్న వృత్తాన్ని యూనిట్ సర్కిల్ అంటాం. దాని మీద ఒక చుక్క పెడితే, ఆ చుక్క మధ్య అడ్డగీత నుంచి ఎంత ఎత్తులో ఉందో అదే సైన్. మధ్య నిలువుగీత నుంచి ఎంత పక్కకి ఉందో అది కొసైన్. త్రిభుజంలో నేర్చుకున్న దానికీ దీనికీ గొడవేమీ లేదు. ఇక్కడ కర్ణం వ్యాసార్ధమే, అంటే 1. ఎదుటి భుజాన్ని 1తో భాగిస్తే మిగిలేది ఆ ఎదుటి భుజమే, అంటే ఎత్తు.

ఏమేం కావాలి

- మిల్లీమీటర్ గళ్ల గ్రాఫ్ పేపర్లు రెండు
- 10 సెంటీమీటర్ల వరకు తెరుచుకునే వృత్తలేఖిని. మీ బాక్సులోది అంత తెరుచుకోకపోతే సన్నటి అట్టముక్కకి 10 సెం.మీ. దూరంలో రెండు చిల్లులు పెట్టండి, ఒకదాంట్లో గుండుసూది, ఇంకోదాంట్లో పెన్సిల్ మొన
- బాగా చెక్కిన పెన్సిల్, స్కేలు
- జామెట్రీ బాక్సులో ఎవరూ ముట్టుకోని ఆ రెండు మూలమట్టాలు
- కాలిక్యులేటర్, అదీ చివర్లో సరిచూసుకోవడానికే

కోణమానిని జాబితాలో లేదు, మర్చిపోయి కాదు. ఎందుకు వద్దంటున్నానో తప్పుల దగ్గర చెప్తాను.

మొదటి భాగం: పావు వృత్తం

1. గ్రాఫ్ పేపర్‌లో ఎడమవైపు కింద రెండు మందపాటి గీతలు కలిసే చోట మూలబిందువు పెట్టండి. అక్కడి నుంచి కుడికి 10 సెం.మీ. అడ్డగీత, పైకి 10 సెం.మీ. నిలువుగీత గీయండి. పూర్తి వృత్తం ఇప్పుడే వద్దు. 10 సెం.మీ. వ్యాసార్ధంతో పూర్తి వృత్తానికి 20 సెం.మీ. వెడల్పు కావాలి, మామూలు గ్రాఫ్ పేపర్‌లో గళ్లు అంత వెడల్పు ఉండవు.

2. ఒక మూలన "10 సెం.మీ. = 1" అని రాసుకోండి. ఇది రాయకుండా ముందుకెళ్లొద్దు. దీని వల్ల ఒక్కో మిల్లీమీటరూ 0.01 అవుతుంది, అంటే 50 మి.మీ. కొలిస్తే సైన్ 0.50 అన్నమాట, లెక్క కట్టే పనే లేదు.

3. మూలబిందువు దగ్గర సూది గుచ్చి, 10 సెం.మీ. తెరిచి, కుడి చివర నుంచి పై చివర దాకా చాపం గీయండి. ఇక్కడి నుంచి వృత్తలేఖిని తెరుపు కదలకూడదు. కొద్దిగా లూజుగా ఉంటే మరని బిగించుకోండి, ఒక మిల్లీమీటరు జారినా తర్వాతి కొలతలన్నీ పాడవుతాయి.

4. అదే తెరుపుతో సూదిని అడ్డగీత కుడి చివర పెట్టి, చాపాన్ని ఖండించండి. ఆ చుక్క 60°. ఎందుకంటే మూలబిందువు, కుడి చివర, ఈ చుక్క మూడూ ఒకదానికొకటి 10 సెం.మీ. దూరంలోనే ఉన్నాయి, అది సమబాహు త్రిభుజం, దాని ప్రతి కోణం 60°.

5. అదే తెరుపుతో ఇప్పుడు సూదిని నిలువుగీత పై చివర పెట్టి చాపాన్ని ఖండించండి. పై నుంచి 60° కిందికి వచ్చాం, అంటే అడ్డగీత నుంచి 30°.

6. 45° కోసం ఏమీ కొలవక్కర్లేదు. మూలబిందువు నుంచి కుడికి 10, పైకి 10 పోతే పెద్ద చదరం మూల వస్తుంది. మూలబిందువుని ఆ మూలకి కలపండి. ఆ గీత చాపాన్ని ఎక్కడ కోస్తే అక్కడ 45°.

7. మూడు చుక్కల నుంచీ నేరుగా కిందికి, అడ్డగీత దాకా నిలువుగా గీతలు దించండి. గ్రాఫ్ గళ్లు ఉన్నాయి కాబట్టి వంకర పోదు. ఒక్కో గీత పొడవు కొలిచి దాని పక్కనే రాయండి.

మీకు రావాల్సినవి: 30° దగ్గర సరిగ్గా 50 మి.మీ., 45° దగ్గర 70, 71 మధ్యలో (71కి దగ్గరగా), 60° దగ్గర 86, 87 మధ్యలో. 0° దగ్గర ఎత్తే లేదు, 90° దగ్గర 100. ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయితే పెన్సిల్ మందం అనుకోండి. రెండు, మూడు మిల్లీమీటర్లు తేడా వస్తే వృత్తలేఖిని జారింది, చాపం నుంచి మళ్లీ గీయండి.

8. ఇప్పుడు ఈ కొలతల వెనక ఉన్న అసలు భిన్నాలు. ఇక్కడ కాస్త ఆగి నెమ్మదిగా చూడండి, మిగతా అంతా దీని మీదే నిలబడింది.

30° చుక్కకి అడ్డగీత కింద, సరిగ్గా అంతే లోతులో ఇంకో చుక్క పెట్టండి. మూలబిందువు నుంచి ఆ రెండు చుక్కలకీ గీతలు గీస్తే మధ్యలో కోణం 30 + 30, అంటే 60°. రెండు వైపులా వ్యాసార్ధాలే, సమానం. కాబట్టి మళ్లీ సమబాహు త్రిభుజం. రెండు చుక్కల మధ్య దూరం 1, అడ్డగీత దాన్ని సగానికి కోస్తోంది. అందుకే సైన్ 30° = 1/2. ఉజ్జాయింపు కాదు, ఖచ్చితంగా సగం.

60° చుక్కని చూడండి. నాలుగో మెట్టులో వచ్చిన సమబాహు త్రిభుజం అడుగు 1, చుక్క దాని నడిమధ్యన ఉంది, అంటే పక్కకి 1/2. ఇక పైథాగరస్: ఎత్తు వర్గం = 1 − 1/4 = 3/4. కాబట్టి సైన్ 60° = √3/2, దశాంశాల్లో 0.866. మీరు కొలిచింది ఎనభై ఆరున్నర మి.మీ., సరిపోయింది కదా.

45° దగ్గర పక్కకి ఎంతో పైకీ అంతే. రెండు వర్గాలూ కలిపితే 1, కాబట్టి ఒక్కోటి 1/2, దాని వర్గమూలం 1/√2. దీన్నే √2/2 అని కూడా రాస్తారు, రెండూ ఒకటే, 0.707. ఒక పుస్తకంలో ఒకలా, ఇంకో పుస్తకంలో ఇంకోలా ఉందని కంగారు పడొద్దు.

గుర్తుకోసం ఒక వరస ఉంది: 0°, 30°, 45°, 60°, 90°కి సైన్ విలువలు √0/2, √1/2, √2/2, √3/2, √4/2. చేతివేళ్ల మీద లెక్కపెట్టే చిట్కా కూడా ఇదే. వాడుకోండి, కానీ బొమ్మ గీశాకే. ఎందుకంటే ఈ వరస ఈ ఐదు కోణాలకే పనిచేస్తుంది, 15°కో 120°కో దీన్ని సాగదీయలేరు.

రేడియన్లలో (కోణాన్ని కొలిచే ఇంకో పద్ధతి) అడిగితే పై (π) అంటే 180° అని పెట్టుకుని భాగించండి. పై/6 అంటే 30°, పై/4 అంటే 45°, పై/3 అంటే 60°, పై/2 అంటే 90°. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే, కింద 3 ఉంది కదా అని పై/3ని 30° అనుకోవడం. ప్రతిసారీ 180ని భాగించి చూసుకోండి.

60కి ఒకటి ఎందుకు రాదు

దీనికి విడిగా సమాధానం చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. మీ చాపం మీద వేలు పెట్టి కుడి చివర నుంచి మెల్లగా జరపండి. మొదట్లో వేలు దాదాపు నిట్టనిలువుగా పైకి పోతుంది. పైకి చేరుతున్నకొద్దీ పక్కకి జరగడమే ఎక్కువ, ఎక్కడం తక్కువ. మీ కొలతల్లోనే ఉంది: మొదటి 30 డిగ్రీల్లో 50 మి.మీ. ఎక్కింది, తర్వాతి 30లో 36.6, చివరి 30లో 13.4 మాత్రమే. కోణం రెట్టింపైతే ఎత్తు రెట్టింపు కాదు.

ఇది మనవాళ్లు ఎప్పుడో లెక్కకట్టిన సంగతి. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో ఆర్యభటుడు వ్యాసార్ధాన్ని 3438గా తీసుకుని, 3¾ డిగ్రీలకి ఒకటి చొప్పున 24 విలువలు ఇచ్చాడు. వృత్తం చుట్టూ 360 డిగ్రీలని కోణ నిమిషాల్లోకి (ఒక్కో డిగ్రీకి 60) మారిస్తే 21600, అంత చుట్టుకొలత ఉన్న వృత్తానికి వ్యాసార్ధం 3438 వస్తుంది. ఆయన నేరుగా ఎత్తులు ఇవ్వలేదు, ఒక ఎత్తుకీ తర్వాతి ఎత్తుకీ తేడాలు ఇచ్చాడు. మొదటి ఎనిమిది ఇవి: 225, 224, 222, 219, 215, 210, 205, 199. కాగితం మీద కూడి చూడండి, 1719 వస్తుంది. 3438లో సరిగ్గా సగం! ఎనిమిది మెట్లంటే 30 డిగ్రీలు. తర్వాతి ఎనిమిది తేడాలు కలిపితే 1259, చివరి ఎనిమిదీ కలిపితే 460. చిట్టచివరి తేడా 7 మాత్రమే. మీ గ్రాఫ్ పేపర్ మీద కనిపించిన నెమ్మదే ఆ అంకెల్లోనూ ఉంది, నాకు ఈ పట్టిక ఎప్పుడు చూసినా ముచ్చటేస్తుంది.

రెండో భాగం: పూర్తి వృత్తం

9. రెండో గ్రాఫ్ పేపర్ మధ్యలో మూలబిందువు పెట్టి 5 సెం.మీ. వ్యాసార్ధంతో వృత్తం గీయండి. ఇప్పుడు "5 సెం.మీ. = 1", కాబట్టి ఒక మిల్లీమీటరు 0.02. పాత స్కేలుతో చదివితే అన్నీ సగం విలువలు వస్తాయి, జాగ్రత్త.

10. కుడి చివర 0°. అక్కడి నుంచి గడియారం ముల్లు తిరిగే దిశకి ఎదురుగా తిరగాలి. పై చివర 90°, ఎడమ చివర 180°, కింది చివర 270°, మళ్లీ కుడికి వస్తే 360°.

11. మొదటి పాదంలో, అంటే 0° నుంచి 90° దాకా ఉన్న పావు వృత్తంలో, 30°, 45°, 60° చుక్కలు ఇందాకటిలాగే పెట్టండి. తర్వాత ఒక్కో చుక్క నుంచి అడ్డంగా ఎడమకి గీత లాగండి, అది వృత్తాన్ని అవతలివైపు తాకే చోట చుక్క పెట్టండి. 30° నుంచి లాగిన గీత 150°కి, 45° నుంచి 135°కి, 60° నుంచి 120°కి చేరుతుంది. అడ్డంగా లాగాం కాబట్టి ఎత్తు మారలేదు. సైన్ 120° = √3/2 ఎందుకో ఇక వేరే చెప్పాలా? త్రిభుజంలో 120° పట్టక్కర్లేదు, వృత్తం మీద ఆ చుక్కకి ఎత్తు ఉంటే చాలు.

12. ఇప్పుడు పై సగంలో ఉన్న ఆరు చుక్కల నుంచీ నేరుగా కిందికి గీతలు దించండి, వృత్తం కింది సగాన్ని తాకే చోట్ల చుక్కలు. ఎడమవైపు 210°, 225°, 240°, కుడివైపు 300°, 315°, 330°. వీటి లోతు పైవాటి ఎత్తుకి సమానం, అడ్డగీత కింద ఉన్నాయి కాబట్టి మైనస్. సైన్ 210° = −1/2, సైన్ 225° = −√2/2, సైన్ 240° = −√3/2, సైన్ 270° = −1. అక్కడి నుంచి మళ్లీ ఎక్కుతూ 300°కి −√3/2, 315°కి −√2/2, 330°కి −1/2, 360°కి సున్నా.

మైనస్ ఎప్పుడు అన్న ప్రశ్నకి సైన్ వరకు ఇంతే: పైన ఉంటే ప్లస్, కింద ఉంటే మైనస్. "ఆల్ సిల్వర్ టీ కప్స్" అని క్లాసులో చెప్పేది కొసైన్, ట్యాన్ గుర్తులు కూడా కలిపి పెట్టుకోడానికి పనికొస్తుంది.

13. 360 దాటిన కోణం ఇస్తే 360 చొప్పున తీసేయండి, ఒక చుట్టు తిరిగితే అదే చుక్కకి వస్తాం కదా. 750° నుంచి 720 తీస్తే 30°, జవాబు 1/2. కోణం మైనస్‌లో ఉంటే గడియారం ముల్లులాగే తిరగండి. −30° అంటే 330° చుక్కే, జవాబు −1/2.

ఎక్కువగా జరిగే తప్పులు

అన్నిటికన్నా ఎక్కువ చూసేది, మిగిలిన కోణాన్ని నిలువుగీత నుంచి కొలవడం. 120ని 90 + 30గా విడగొట్టి, సైన్ 30 కదా అని 1/2 రాసేస్తారు. 90తోనో 270తోనో విడగొడితే సైన్ కొసైన్‌గా మారుతుంది, అది మర్చిపోతే మార్కు పోయినట్టే. నా సలహా, నిలువుగీత జోలికే పోకండి. ఎప్పుడూ దగ్గర్లో ఉన్న అడ్డగీత నుంచే కొలవండి, అంటే 180 నుంచో 360 నుంచో. 120 అంటే 180కి 60 తక్కువ, కాబట్టి √3/2. 240 అంటే 180కి 60 ఎక్కువ, కింద ఉంది, కాబట్టి −√3/2.

రెండోది 30, 60 విలువలు తారుమారు చేయడం. దీనికి బట్టీ అక్కర్లేదు, 60° చుక్క 30° చుక్క కన్నా పైన ఉంటుంది, √3/2 సగం కన్నా పెద్దది. పెద్ద విలువ పై చుక్కకే ఇవ్వండి.

కోణమానిని సంగతి. దాని మీద రెండు వరసల అంకెలుంటాయి, లోపలిది ఒకవైపు నుంచి, బయటిది ఇంకోవైపు నుంచి. తప్పు వరస చదివితే 30° బదులు 150° గీస్తారు. ఇబ్బందేంటంటే రెండింటి ఎత్తూ ఒకటే, కాబట్టి సైన్ కొలిస్తే సరైన జవాబే వస్తుంది, తప్పు బయటపడదు! కొసైన్ అడిగినప్పుడు గుర్తు తిరగబడి అప్పుడు దొరుకుతుంది. కోణమానిని వాడితే, 90 లోపు కోణమైతే చుక్క కుడివైపే ఉందా అని ఒకసారి చూసుకోండి.

ఇంకోటి, జవాబు 1 కన్నా ఎక్కువ రావడం. చుక్క వృత్తం మీదే ఉంది, వ్యాసార్ధం కన్నా ఎత్తుకి ఎలా పోతుంది? సైన్ 1 దాటినా, −1 కన్నా కిందికి పోయినా లెక్కలో ఎక్కడో పొరపాటు ఉంది, వెనక్కి వెళ్లండి.

సరిచూసుకోవడం ఎలా

వర్గాలతో: ఒకే చుక్కకి పక్క దూరం వర్గం, ఎత్తు వర్గం కలిపితే 1 రావాలి. 60°కి 1/4 + 3/4, సరే.

మూలమట్టంతో: బాక్సులో పొడుగ్గా ఉండే మూలమట్టం 30-60-90 త్రిభుజమే. దాని అతి చిన్న అంచునీ, అతి పొడవాటి ఏటవాలు అంచునీ మూల నుంచి మూలకి స్కేలుతో కొలవండి. దాని మీద అచ్చేసిన అంకెలు నమ్మొద్దు, అవి మూల దగ్గర మొదలుకావు. చిన్నది పెద్దదానిలో సగం ఉంటుంది. మూలలు అరిగిపోయి ఉంటే ఒకటి, రెండు మిల్లీమీటర్లు తగ్గొచ్చు. రెండో మూలమట్టం 45-45-90, అందులో పొట్టి అంచుని పొడవు అంచుతో భాగిస్తే 0.7 చిల్లర.

కూడికతో: 120° ఎడంగా ఉన్న ఏ మూడు చుక్కలు తీసుకున్నా సైన్‌ల మొత్తం సున్నా. 30°, 150°, 270° తీసుకోండి: 1/2 + 1/2 − 1 = 0. 0°, 120°, 240° అయితే 0 + √3/2 − √3/2. గుర్తు ఎక్కడైనా తప్పు పెడితే ఇది వెంటనే పట్టిస్తుంది. పొలాల్లో బోరు మోటార్లకి వచ్చే త్రీ ఫేజ్ కరెంటులో మూడు ఫేజుల వోల్టేజీలూ ఇలాగే 120° ఎడంతో నడుస్తాయి, మూడూ సమంగా ఉంటే ఏ క్షణంలోనైనా కలిపితే సున్నాయే.

కాలిక్యులేటర్‌తో: ముందు సైన్ 30 కొట్టండి. 0.5 వస్తేనే ముందుకు. −0.988 వస్తే అది రేడియన్ మోడ్‌లో ఉంది, 0.4539 వస్తే గ్రేడియన్ మోడ్‌లో. డిగ్రీ మోడ్‌కి మార్చండి. గూగుల్‌లో వెతికేటప్పుడు కూడా డిగ్రీలు అని రాయకపోతే రేడియన్లుగానే తీసుకుంటుంది. ఎక్సెల్‌లో సైన్ ఫంక్షన్ కూడా రేడియన్లలోనే పనిచేస్తుంది, కోణాన్ని ముందు రేడియన్లలోకి మార్చి ఇవ్వాలి. ఈఏపీసెట్ (ఇదివరకటి ఎంసెట్), జేఈఈ లాంటి వాటిలో కాలిక్యులేటర్ ఉండదని మీకు తెలుసు, కాబట్టి దీన్ని ఇంట్లో సరిచూసుకోడానికే ఉంచుకోండి.

కాగితం మీద విసుగొస్తే ఫోన్‌లో జియోజీబ్రా ఉచితంగా దొరుకుతుంది, వృత్తం గీసి చుక్కని లాగుతూ నిరూపకాలు మారడం చూడొచ్చు. అయినా మొదటిసారి మాత్రం పెన్సిల్‌తోనే చేయండి, లాగిన చుక్క కన్నా కొలిచిన గీత ఎక్కువ గుర్తుంటుంది.

మీరే చేసి చూడండి

బొమ్మ చూడకుండా ఇవి రాయండి: సైన్ 135°, సైన్ 330°, సైన్ 1230°, సైన్ (−120°). జవాబులు వరసగా √2/2, −1/2, 1/2, −√3/2. మూడోది తప్పితే 1230 నుంచి 1080 తీశారో లేదో చూడండి. నాలుగోది తప్పితే −120° చుక్క ఏ పాదంలో పడుతుందో వృత్తం మీద వేలితో తిరిగి చూడండి, ఎడమవైపు కింద, 240° ఉన్న చోటే.

ఇంటర్ వాళ్లకి ఇంకో రెండు. మొదటి గ్రాఫ్ పేపర్‌లో 30° కోణాన్ని వృత్తలేఖినితో సమద్విఖండన చేసి 15° చుక్క ఎత్తు కొలవండి, 26 మి.మీ.కి కాస్త తక్కువ రావాలి. పుస్తకంలో ఉండే (√6 − √2)/4 దశాంశాల్లో 0.2588. 18°ని వృత్తలేఖినితో గీయొచ్చు కానీ పని ఎక్కువ, కాబట్టి దీనికి మాత్రం కోణమానిని వాడండి, 31 మి.మీ. దగ్గర వస్తుంది, (√5 − 1)/4 విలువ 0.309.